ఏరోడ్రం మీద కాయ

హైదరాబాదు విమానాశ్రయం పెద్దదవుతున్నదని మా ఊళ్ళో మొట్టమొదట తెలిసింది మా మామగారికి. తెలిసిన మర్నాడే ఆయన ఆ సంగతిని ఎలీసమ్మ మీదికి తిప్పారు.

యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు మా ఊరికి దక్షిణంగా మైలు పొడవున సిమెంటు పోసి వెళ్ళారు. దాని ఉత్తరపు కొస ఊరికి ఆనుకుని ఉంటుంది. దక్షిణపు కొస వాగు దగ్గర ఆగుతుంది. మధ్యలో నేల కాస్త ఉబ్బి ఉండడంతో ఈ కొసన నిలబడితే ఆ కొస కనిపించదు. అప్పట్లో దాని మీద ఎన్ని విమానాలు దిగాయో చెప్పేవాళ్ళు లేరు గానీ, మిరపకాయలు మాత్రం నలభై ఏళ్ళుగా దిగుతున్నాయి. ఊరందరికీ అది ఏరోడ్రం. నేను గుంటూరు విమెన్స్ కాలేజీలో బీయే చదివి వచ్చిన కొత్తలో "రన్‌వే" అన్నాను. మా అత్తగారు వెంకటరావమ్మ, నేను చదువు చూపిస్తున్నానని వారం రోజులు మాట్లాడలేదు.

ఏరోడ్రం మీద ఎవరి చోటు వాళ్ళకుంది. పంచింది ఎవరో, ఎప్పుడో తెలియదు. ఏటా కోతల ముందు ఎవరి చోటు చుట్టూ వాళ్ళు సున్నంతో గీత గీసుకుంటారు. ఒకరి కాయ పరిచి ఉంటే ఇంకొకరు దాని మీద కాలు పెట్టరు. గట్టు తగాదాల్లో తలలు పగలగొట్టుకున్నవాళ్ళు కూడా పక్కవాడి కాయ దగ్గరికొచ్చేసరికి చుట్టూ తిరిగి పోతారు. కాయ తిరగేసేవి కాయగలవాళ్ళ కాళ్ళే, కాకపోతే వాళ్ళు కూలికి పెట్టుకున్నవాళ్ళ కాళ్ళు. ఉత్తరపు కొస రైతులది. ఊరికి దగ్గర, బండి తోలుకోవడం తేలిక. దక్షిణపు కొస ఊరవతలి పల్లెవాళ్ళది. దూరమే కానీ సిమెంటు పగుళ్ళు లేకుండా అద్దంలా ఉంటుంది. ఆ నున్నదనం మీద మా మామగారు పిచ్చయ్యగారికి పదేళ్ళుగా కన్ను.

ఆయన ఊరి ప్రెసిడెంటు. పంచాయతీకి ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా నా దగ్గరికి తెస్తారు. చదవమనరు.

"సారాంశం చెప్పమ్మాయ్, చాలు" అంటారు. రెండో వాక్యం దాటితే విసుగు. మూడో వాక్యానికి లేచి వెళ్ళిపోతారు. కాగితం మళ్ళీ ఆయన పెట్టెలోకే పోతుంది.

ఎనభై ఆరు మార్చి పదకొండో తారీకున వచ్చిన కాగితం రెండు పేజీలుంది. వెనకాల ఒక పటం. హైదరాబాదు విమానాశ్రయంలో రద్దీ పెరిగింది, అరబ్బు దేశాలకు నేరుగా పెద్ద విమానాలు నడపబోతున్నారు, అందుకోసం రన్‌వే పొడిగిస్తున్నారు, ఆ పని జరిగినన్నాళ్ళూ అత్యవసరమైతే చిన్న విమానాలు దిగడానికి పాత ఏరోడ్రాలు పరీక్షిస్తున్నారు అని ఉంది మొదటి పేజీలో. పదహారో తారీకు ఉదయం తొమ్మిది గంటలకు ఒక విమానం వచ్చి దిగి చూస్తుంది, ఆలోగా మొత్తం ఖాళీగా ఉండాలి అని ఉంది దాని చివర.

అంతవరకూ చెప్పాను. మామగారు లేచారు.

"ఇంకో పేజీ ఉందండీ మామయ్యగారూ."

"దాంట్లో ఏముంటది? ఇట్లు తమ విధేయుడు. అంతేగా? హైదరాబాదోళ్ళు రన్‌వే పొడుగు చేసుకుంటంటే మన ఏరోడ్రం కావాల్సొచ్చిందన్నమాట. బానే ఉంది."

రెండో పేజీలో ఉన్నదిది: పొద్దుటి పూట గాలి ఉత్తరం నుంచి వీస్తుంది, విమానం గాలికి ఎదురుగా దిగాలి, కనుక అది దక్షిణపు కొస మీదుగా వచ్చి దిగుతుంది, ఆ కొస నుంచి ఆరువందల గజాలు ముఖ్యంగా శుభ్రంగా ఉంచాలి. మామగారు కాగితం లాక్కుని పెట్టెలో పెట్టి తాళం వేశారు. చెప్పడానికి నేను ప్రయత్నించలేదని ఎవరూ అనలేరు. గట్టిగా ప్రయత్నించాననీ అనలేరు.

మర్నాడు ఆయన దక్షిణపు కొసకు వెళ్ళారు. పల్లెలో మిగతావాళ్ళ కాయ అప్పటికే మూటలకెక్కింది. ఎలీసమ్మది మాత్రం ఆలస్యపు తోట. ఎకరం కౌలు. తుపానుకు నారు కొట్టుకుపోతే మళ్ళీ నాటిన తోట. మొదటి కోత కాయ ఎర్రగా పరిచి ఉంది, ఇంకా పచ్చి ఆరలేదు. అక్కడ జరిగింది నాకు ఆ సాయంత్రమే మా పాలేరు అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

"ఎలీసమ్మా, కాయ ఎత్తు. గవర్నమెంటు ఆర్డరొచ్చింది. ఇమానం దిగుద్ది."

"ఎక్కడ దిగుద్దండీ పెసిడెంటుగారూ?"

"హైదరాబాదు ఎటుంది? ఉత్తరాన. ఆణ్ణించి వచ్చేది ఉత్తరం కొసన కాక ఇంకెక్కడ దిగుద్ది? మా కాయంతా అక్కణ్ణించి తీయాలి. తీసి ఇక్కడ పోసుకుంటాం."

"మీ చోటు పోతే మా చోటు మీదికొస్తారా? మా అత్త గీసిన గీతండి ఇది. నేను సచ్చాక మా రెబ్కా గీసుద్ది."

"గీత సంగతి జీపులో పోలీసోళ్ళొస్తారు, ఆళ్ళకి సెప్పుకో."

"కాయ తడి మీదుందండీ! కుప్పేస్తే రెండ్రోజుల్లో తాలైపోద్ది!"

"నీ పొలం లేదా? మట్టిలో ఆరబోసుకో."

మట్టిలో ఆరబోస్తే కాయ మచ్చపడి తెల్లగా తాలవుతుందని ఆయనకు తెలియదని కాదు. ఆయనే పోలీసుల పేరెత్తాక ఎలీసమ్మ, కోడలు రెబ్కా కలిసి కాయంతా ఎత్తి ఏరోడ్రం పక్కన తుమ్మచెట్ల కింద కుప్ప వేసుకున్నారు. ఆ పొద్దే మా కాయ నాలుగు బళ్ళ మీద దక్షిణపు కొసకు చేరింది.

పదమూడో తారీకు మధ్యాహ్నం ఎలీసమ్మ మా పెరటి దడి అవతల నిలబడింది. పిలవలేదు. గేదెకు కుడితి పెట్టడానికి వెళ్ళి నేనే చూశాను. చేతిలో గుప్పెడు కాయ. నా ముందు దడి మీద పెట్టింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. కుప్పలో ఆవిరి పట్టడం మొదలైంది.

"అమ్మాయిగారూ, ఆ కాయితం మీరు సదివారంట. మా చోటు మీ మామగారికిమ్మని దాంట్లో ఉందా?"

"లేదు."

"ఉత్తరం కొసన దిగుద్దని ఉందా?"

నేను వెనక్కి చూశాను. అత్తగారు వసారాలో చింతపండు పిక్క తీస్తున్నారు. పిక్క తీసేటప్పుడు ఆమె చెవులకు పని ఉండదు, అందుకని బాగా వింటాయి.

"ఎలీసమ్మా, ఏరోడ్రానికి ఉత్తరపు కొసన, పడమర పక్కన గుండ్రంగా సిమెంటు ఉంటుందే, విమానాలు నిలబెట్టేవాళ్ళట వెనకటికి, అది ఆ పటంలో గీతకు అవతల ఉంది. దానితో పని లేదని రాశారు. అక్కడ పోసుకో. ఎవరన్నా అడిగితే పటం చూడమను."

"గుండ్రం మీదా?"

"ఆ."

"అది మీ ఊరోళ్ళ ముక్కు కిందుంది గదా?"

"ముక్కు కిందే. ఘాటు తగిలితే తుమ్ముతారు."

ఆవిడ నవ్వలేదు. అడిగినదానికి జవాబు రాలేదే అన్నట్టు ఓ క్షణం చూసింది. తర్వాత దడి మీది కాయ ఏరుకుని వెళ్ళిపోయింది. రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదని నాకూ తెలుసు. చెబితే ఆవిడ ఊరంతా చాటుతుంది, మామగారు కాయ ఎత్తించుకుంటారు. పదేళ్ళుగా సారాంశం మీద బతికిన మనిషికి ఒక్కసారి పూర్తి పాఠం తెలియాలని నా కోరిక. అంత చదువూ చదివి అంతకన్నా పెద్ద కోరిక కోరుకునే వీలు నాకు ఈ ఇంట్లో దొరకలేదు.

పద్నాలుగో తారీకు తెల్లారేసరికి గుండ్రమంతా ఎర్రగా ఉంది. మామగారు అక్కడే షామియానా వేయిద్దామనుకున్నారు. కర్రలూ గుడ్డా బండిలో తెచ్చి చూసేసరికి, గజం ఖాళీ లేకుండా కాయ. చుట్టూ తడి ఆరని సున్నం గీత. మధ్యలో రెబ్కా కాళ్ళతో కాయ తిరగేస్తోంది.

"ఏయ్, ఎవర్నడిగి పోశారే?"

"ఎత్తమన్న చోటు ఎత్తామండీ. ఇది ఎత్తమన్న చోటు కాదంట" అంది రెబ్కా, తల ఎత్తకుండా.

"ఎవరన్నారు?"

"పటం అందంట."

మామగారు గీత దాకా వచ్చి ఆగిపోయారు. చెప్పు కాలు ఎత్తారు కూడానట. ఊళ్ళో పదిమంది చూస్తున్నారు. పరిచిన కాయ మీద చెప్పుకాలు పెట్టిన ప్రెసిడెంటుకి మళ్ళీ ఎవరూ ఓటెయ్యరు. కాలు వెనక్కి తీసుకుని ఇంటికొచ్చారు.

"పటం సంగతి పల్లెకెట్టా తెలిసింది?"

నేను అన్నం వడ్డిస్తున్నాను. "జక్రయ్య మేస్టారికి తెలిసి ఉంటుందండీ. మిషను బడిలో పటాలుంటాయిగా" అన్నాను. ఆ పటాల్లో ఆసియా ఖండం తప్ప ఇంకేం లేదు. అత్తగారు నావైపు చూసి, మజ్జిగ తను పోసుకున్నారు.

మా ఆయనకు చిలకలూరిపేటలో పురుగుమందుల కొట్టుంది. పొద్దున్నే బస్సుకి వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. ఇంట్లో యుద్ధం జరిగితే ఆయనకు మర్నాడు తెలుస్తుంది. అప్పటికి శాంతి సంధి కూడా అయిపోయి ఉంటుంది. ఈసారి మాత్రం కాలేదు.

పదిహేనో తారీకు మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ముఖర్జీ అనే ఆఫీసరు జీపులో దిగాడు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా. ఆయనకు తెలుగు రాదు, మా మామగారికి మిగతావేవీ రావు. కాబట్టి నన్ను పిలిపించారు. కోడల్ని వీధిలోకి తేవడం తప్పే కానీ, అవసరం కోసం చేస్తే తప్పు కాదని అత్తగారు తీర్పు చెప్పారు.

జీపులో ఏరోడ్రమంతా తిరిగాం. ఒక్క కాయ లేదు. మామగారు ఆ పూటకు అంతా కుప్పలు చేయించి తుమ్మల్లోకి నెట్టించి పట్టాలు కప్పించారు. ముఖర్జీ సంతోషించాడు. హైదరాబాదులో నాలుగు నిమిషాలకొక విమానం రాబోతోందని, రన్‌వే మీద ఒక కుక్క అడ్డం వచ్చినా పైన పదిమంది పైలట్లు గడియారాలు చూసుకుంటారని, శుభ్రతే విమానాశ్రయానికి ప్రాణమని ఇంగ్లీషులో పావుగంట చెప్పాడు.

"ఏమంటాడు?" అన్నారు మామగారు.

"శుభ్రంగా ఉండాలంటున్నారు."

"అంతసేపు మాట్టాడి అంతేనా?"

"సారాంశం అదేనండీ."

గుండ్రం దగ్గర ముఖర్జీ జీపు ఆపాడు. ఎలీసమ్మ గీత మీద నిలబడింది, చేతిలో వెదురు కర్ర. ఆయన పటం తీసి చూశాడు, తుమ్మాడు, మళ్ళీ చూశాడు. "దీనితో మాకు పని లేదు" అని జీపెక్కాడు. నేను అది తెలుగులో చెప్పాను, పల్లె దాకా వినిపించేలా.

పదహారో తారీకు పొద్దున ఆరింటికి రేడియోలో సాయంత్రానికి మబ్బు పడుతుందన్నారు. ఆ మాట వినకపోతే మామగారు ఆగేవారేమో. మబ్బు పడేలోగా ఉన్న ఎండంతా కాయకు పట్టించాలన్నది ఇక్కడి రైతుకు నరాల్లో ఉంటుంది. పైగా విమానం ఉత్తరపు కొసన దిగి అక్కడే ఆగుతుందని ఆయన ఖాయం చేసుకున్నారు. మా ఊరి బస్సు అంతే, ఊరి మొదట్లో ఆగి అక్కడే తిరిగి పోతుంది. మిట్ట అవతల కాయ ఉన్నా కనిపించదు. తెల్లారగట్లే మనుషుల్ని పంపి దక్షిణపు కొసన కాయంతా మళ్ళీ పరిపించారు.

ఇంతవరకూ నేను అనుకున్నట్టే జరిగింది. ఎనిమిదిన్నరకు పట్టుచీర కట్టుకుని, దుబాసి హోదాలో బయల్దేరుతుంటే అత్తగారు అన్నారు:

"ఆ రెబ్కాకీ, దాంతో వచ్చిన ముగ్గురికీ సద్దన్నం పంపాలి. ఏరోడ్రం మీద కాయ తిరగేస్తన్నారు."

"ఎవరి కాయ?"

"మనదే. కూలికొచ్చారు. ఆ కొసన."

గుండ్రం మీద అత్తను పెట్టి, కూలికి మా కాయ తిరగేయడానికి వెళ్ళింది రెబ్కా. వాళ్ళ కాయ అమ్ముడయ్యేదాకా ఇల్లు గడవాలి కదా. నా లెక్కలో మిరపకాయలున్నాయి, మామగారి మొహం ఉంది, మనుషులు లేరు. కాయ తనంతట తాను తిరగబడుతుందనుకున్నాను కాబోలు.

ఉత్తరపు కొసకు నేను పరుగెత్తానని తర్వాత ఊరు చెప్పుకుంది. పట్టుచీరలో అది పరుగు కాదు. అక్కడ ఎండలో షామియానా, కుర్చీలు, దండలు. ముఖర్జీ ఒక రేడియో పెట్టెతో కుస్తీ పడుతున్నాడు. పక్కనే మామగారు. వాళ్ళిద్దరి మధ్యా నిలబడి ఇంగ్లీషులో చెప్పాను: దక్షిణపు కొసన మనుషులున్నారు, నలుగురు ఆడవాళ్ళు, ఆరువందల గజాలూ మిరపకాయలున్నాయి.

ముఖర్జీ జీపు వైపు తిరిగాడు. "సుభానీ!" అని డ్రైవర్ని కేక వేశాడు. జీపు మిట్ట ఎక్కి మాయమైంది. ఆయన రేడియోలో అరిచాడు. అవతలి నుంచి గరగర తప్ప ఏం రాలేదు.

"ఏంది? ఏం సెప్పావ్?" అన్నారు మామగారు.

"రెండో పేజీ చెప్పానండీ."

ఆయనకు అర్థం కాలేదు. అప్పటికే దక్షిణాన వాగు మీద ఆకాశంలో చుక్క కనిపించింది. రెండు రెక్కల మీదా రెండు పంకాలు. ఊరంతా ఉత్తరానికి చూస్తూ నిలబడింది. మోత వెనక నుంచి వచ్చేసరికి ఒక్కసారే తిరిగింది. విమానం తుమ్మచెట్లు దాటి కిందికి వంగింది. మిట్ట అడ్డం వచ్చి ఇక కనిపించలేదు. కనిపించింది పైకి లేచిన ఎరుపు. మా ఇంటి మొదటి కోత కాయంతా వరసగా, తీరుబడిగా గాల్లోకి లేచి, పంకాల్లో నలిగి, ఉత్తరపు గాలికి వాగు మీదికి పోయింది.

విమానం మిట్ట ఎక్కి మా ముందుకొచ్చి ఆగింది. చక్రాలు ఎర్రగా, పొట్ట ఎర్రగా. తలుపు తెరుచుకుంది. పైలట్ మెట్టు మీద నిలబడి తుమ్మాడు. పదకొండు తుమ్ములు. దండ పట్టుకున్న మామగారు లెక్క చూస్తున్నట్టు నిలబడిపోయారు. దాని వెనకే జీపు వచ్చింది. రెబ్కా, మిగతా ముగ్గురూ కొంగులు మొహాలకు కప్పుకుని దిగారు. కళ్ళు వాచి మూసుకుపోయాయి. నలుగురూ ఉన్నారు. నాకు అప్పుడు ఊపిరి ఆడింది, ఆ ఊపిరితో పాటే దగ్గు.

ముఖర్జీ రుమాలు ముక్కుకు పెట్టుకుని నా వైపు తిరిగాడు. "ఆ మిరపకాయలు ఎవరివి? అడుగు. వాటిని జప్తు చేయించి, వాళ్ళ మీద కేసు పెడతాను."

తెలుగులో అడిగాను. మామగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ఎలీసమ్మవి. ఆ చోటు దానిదేనని ఊరందరికీ తెలుసు. ఇదుగో ఇక్కడ మిగతావి కూడా ఉన్నయ్, జప్తు చేసుకోమను. సెప్పమ్మాయ్."

ఎలీసమ్మ కర్ర పట్టుకుని గీత దాటి ముందుకొచ్చింది. "అబద్ధం! నా చోటు లాక్కుని నీ కాయ పోసి, ఇప్పుడు నా చోటని సెప్తన్నావా? సిగ్గుండాలయ్యా పెద్దమనిషికి!"

"నోర్ముయ్! మజ్జెలో నువ్వెవతివే?"

"ఏమంటున్నారు?" అన్నాడు ముఖర్జీ.

రెండు వైపుల నుంచీ రెండు వందల కళ్ళు, అన్నీ ఎర్రవే. నేను ఇంగ్లీషులో తాపీగా చెప్పాను. "మా మామగారు అవి ఈవిడవంటున్నారు. అవి మావి. ఈవిడవి ఇవిగో, మీరు నిన్న పని లేదన్న చోట ఉన్నవి."

ఆ తర్వాత, ఎవరూ అడగకపోయినా, అదే తెలుగులో కూడా చెప్పాను.

కేసు పెట్టలేదు. జప్తు చేయడానికి కాయ మిగలలేదు. విమానం మధ్యాహ్నం వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా ఏరోడ్రం చుట్టూ ముళ్ళకంచె పడింది, ఇక దాని మీద ఎవరి కాయా ఆరదు. పటంలో గీతకు అవతల ఉన్న గుండ్రం ఒక్కటే కంచెకు బయట మిగిలింది. మామగారు ఒక సాయంత్రం అక్కడికి వెళ్ళి, రెండో కోత కాయకు సగం చోటిమ్మని అడిగారు. అడిగానని ఆయన అంటారు. ఇవ్వమని ఆర్డరేశాడని ఎలీసమ్మ అంటుంది. ఆవిడ ఇవ్వలేదు, అంతవరకూ ఇద్దరూ ఒప్పుకుంటారు. మా రెండో కోత మట్టిలో ఆరి సగం తాలైంది. ఇంట్లో నాతో మాటలు మా ఆయన ద్వారా నడుస్తున్నాయి, అందుకని అన్నీ ఒక రోజు ఆలస్యంగా అందుతున్నాయి.

ఏప్రిల్ మొదట్లో నేను గుండ్రం దగ్గరికి వెళ్ళాను. ఎలీసమ్మ కాయ గలగలమంటూ ఎండింది, ఒక్క తాలు లేదు. రెబ్కా మూట కుడుతోంది. కళ్ళ కింద ఇంకా నల్లగా ఉంది.

"సెప్పులిప్పినా సరే, అక్కడే నిలబడండి" అంది ఎలీసమ్మ.

గీతకు ఇవతలే నిలబడ్డాను.

"ఆ కొసన దిగుద్దని కాయితంలో ఉందంటగా. దడి కాడ అడిగానే. ముందే సెప్పుంటే నా కోడలు అక్కడికి పోయేదా?"

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. ఏదీ బాగాలేదు. "చెప్పాల్సింది" అన్నాను.

ఆవిడ కాసేపు కాయ తిరగేసింది. తర్వాత రెబ్కాతో ఒక రేకు ముక్క తెప్పించి, కుంచె, సున్నం డబ్బా నా వైపు నేల మీద నెట్టింది.

"రేపు ఇంకో ఆపీసరొస్తాడు, ఇంకో జీపొస్తది. ఈ చోటు ఎలీసమ్మది, ఎవురూ ఎక్కగూడదని ఇంగిలీసులో రాయండి. పెద్దచ్చరాలతో."

గీతకు ఇవతల చతికిలబడి రాశాను. మూడు వరసలు. ఆవిడ రేకు తీసుకుని ఎండకు తిప్పి చూసింది, రెబ్కా చేతికిచ్చింది.

"జక్రయ్య మేస్టారి దగ్గరికి తీసకపో. ఏం రాసిందో ఆకరి అచ్చరం దాకా సదివించుకురా. అప్పుడు పాతుదాం."

మేస్టారి ఇల్లు పల్లెకు ఆ చివర. రెబ్కా వెళ్ళి వచ్చేదాకా ఎండలో అక్కడే నిలబడ్డాను. ఎలీసమ్మ నన్ను కూర్చోమనలేదు, పొమ్మననూ లేదు.